మేళ్లచెరువు రాళ్లు, నో మ్యాన్స్ స్కై గ్రహాలు

నో మ్యాన్స్ స్కై అనే వీడియో గేమ్‌లో ఎన్ని గ్రహాలున్నాయో కచ్చితంగా లెక్క చెప్పొచ్చు: 1,84,46,74,40,73,70,95,51,616. అరవై నాలుగు రెళ్లను వరసగా గుణిస్తే వచ్చే సంఖ్య ఇది. ఒక్కో గ్రహం మీద ఒక్క సెకను నిలబడి ముందుకు సాగినా, అన్నీ చూసి రావడానికి 58,000 కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. మన విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు.

ఇన్ని గ్రహాలను కూర్చుని గీసినవాళ్లెవరూ లేరు. ఇవి ఏ డిస్కులోనూ దాచిపెట్టి ఉండవు. ప్రతి గ్రహానికీ ఒక అంకె ఉంటుంది. ఆటగాడి ఓడ దగ్గరికి రాగానే కంప్యూటర్ ఆ అంకెను సూత్రాల్లో వేసి కొండలు, లోయలు, వాతావరణం, చెట్లు, జంతువులు అప్పటికప్పుడు లెక్కగడుతుంది. ఓడ వెళ్లిపోతే అంతా చెరిగిపోతుంది. మళ్లీ వస్తే అదే అంకె నుంచి అదే కొండ అదే చోట లేస్తుంది. ఖమ్మంలో ఒకరు, కాలిఫోర్నియాలో ఒకరు ఆ గ్రహం మీద దిగితే ఇద్దరికీ ఒకే లోయ కనిపించడానికి కారణం ఇదే.

ఇంత చేసింది ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ అనే ఊళ్లో షాన్ మర్రే, అతని మిత్రులు పెట్టుకున్న హలో గేమ్స్ అనే చిన్న సంస్థ. ఆట సంగతి లోకానికి చెప్పిన కొద్ది రోజులకే, 2013 క్రిస్మస్ ముందు రాత్రి, వాళ్ల ఆఫీసులోకి వరద నీళ్లొచ్చి సామాను పాడైంది. అయినా ఆట 2016 ఆగస్టులో విడుదలైంది. చెప్పినవన్నీ అందులో లేవని కొన్నవాళ్లు మండిపడ్డారు. సంస్థ వాదనకు దిగలేదు. అప్పటి నుంచి ఏటా పెద్ద పెద్ద చేర్పులు చేస్తూనే ఉంది, ఒక్కదానికీ అదనంగా పైసా అడగలేదు. మొదట కొన్నవాళ్లకు కూడా ఇవన్నీ ఉచితమే. వీడియో గేమ్‌ల వ్యాపారంలో ఇంతకాలం మాట నిలబెట్టుకున్నవాళ్లు అరుదు, అందుకే ఈ ఆట మీద నాకు గౌరవం.

అంకెల నుంచి లోకాలు పుట్టించే ఈ విద్య కొత్తది కాదు. 1984లో ఇయన్ బెల్, డేవిడ్ బ్రేబెన్ అనే ఇద్దరు విద్యార్థులు ఎలైట్ అనే ఆట రాశారు. బీబీసీ మైక్రో కంప్యూటర్‌లో ఉన్న మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. అందులోనే 8 గెలాక్సీలు, ఒక్కో దానిలో 256 గ్రహాల చొప్పున ఇమిడ్చారు. ఇవాళ ఫోనులో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది.

ఇక ఖనిజాల సంగతి. నో మ్యాన్స్ స్కైలో నక్షత్రం రంగును బట్టి దాని చుట్టూ ఏ లోహం దొరుకుతుందో చెప్పేయొచ్చు. పసుపు నక్షత్రం అయితే రాగి. ఎరుపు అయితే కాడ్మియం. ఆకుపచ్చ అయితే ఎమెరిల్, ఇది ఆట కోసం ఊహించిన లోహం. నీలం అయితే ఇండియం. మామూలు ఓడ పసుపు నక్షత్రాలకే వెళ్తుంది. మిగిలిన రంగులకు వెళ్లాలంటే ఓడకు ఒక్కో పరికరం బిగించుకుంటూ పోవాలి. ఈ నాలుగు లోహాల్లో దేన్ని శుద్ధి చేసినా క్రోమాటిక్ మెటల్ వస్తుంది, కానీ ఇండియం ఇచ్చినంత దిగుబడి ఇంకేదీ ఇవ్వదు. పైగా గాలివానలు భీకరంగా వీచే గ్రహాల మీదనే దాని మేలురకం దొరుకుతుంది. డబ్బు చేసుకోవాలనుకునే ఆటగాళ్లు నీలి నక్షత్రాల వెంట పడేది అందుకే.

నిజం ఇండియం మాత్రం మనందరి చేతుల్లోనే ఉంది. 1863లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో దీన్ని కనుక్కున్నారు. దీనికంటూ ప్రత్యేకంగా గనులు తవ్వరు, జింకు ఖనిజాన్ని శుద్ధి చేసేటప్పుడు కొద్దికొద్దిగా వస్తుంది. ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు పొర పారదర్శకంగా ఉంటూనే కరెంటును ప్రసరింపజేస్తుంది. ఫోను తెర మీద వేలు పెడితే తెలుసుకునేది ఆ పొరే.

ఖనిజం వెతికే పద్ధతి ఆటలో ఎంత ముచ్చటగా ఉంటుందో! చేతిలో సర్వే పరికరం పట్టుకుని నేల మీద నడుస్తుంటే కింద ఖనిజం ఎక్కడ చిక్కగా ఉందో చూపిస్తుంది. అలాంటి చోటును హాట్‌స్పాట్ అంటారు. నాణ్యతను బట్టి వాటికి సి, బి, ఏ, ఎస్ అని తరగతులుంటాయి. ఎస్ తరగతి దొరికితే పండగే. అక్కడ యంత్రం నాటి, కరెంటు లాగి, గొట్టాలు కలిపి, నిల్వ డిపోలు కట్టి వెళ్లిపోతే చాలు. మీరు నిద్రపోతున్నా అది తవ్వుతూనే ఉంటుంది. డిపో నిండితేనే ఆగుతుంది. ఎన్నేళ్లు తవ్వినా ఆ హాట్‌స్పాట్ తరగదు.

ఈ ఒక్క విషయం దగ్గరే నాకు మేళ్లచెరువు గుర్తొస్తుంది. ఇప్పుడు సూర్యాపేట జిల్లా, 2016 అక్టోబరుకు ముందు నల్లగొండ జిల్లా. శివరాత్రి జాతరకూ, ఎడ్లతో బండలు లాగించే పోటీలకూ పేరున్న ఊరు. అక్కడి స్వయంభూ శంభులింగేశ్వరుడి లింగం పైభాగాన చిన్న గుంట, అందులో ఎప్పుడూ ఊరే నీరు భక్తులకు పెద్ద విశేషం. భూగర్భ శాస్త్రవేత్తలకు మాత్రం ఆ ఊరి నేలే విశేషం. కృష్ణా ఒడ్డున మైళ్ల కొద్దీ పరుచుకున్న సున్నపురాయి అది. కోట్లాది ఏళ్ల కిందట ఇక్కడ నిలిచిన సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకుంది. మహా సిమెంట్ ఫ్యాక్టరీ మేళ్లచెరువులో వెలిసిందీ, చుట్టుపక్కల ఇంకెన్నో సిమెంటు ఫ్యాక్టరీలు వరస కట్టిందీ ఆ రాయి కోసమే. ఆ రాయిని పొడి చేసి, బంకమట్టి వంటివి కలిపి, తిరిగే కొలిమిలో 1,450 డిగ్రీల దాకా కాల్చితే క్లింకర్ వస్తుంది. టన్ను క్లింకర్‌కు టన్నున్నర దాకా సున్నపురాయి కావాలి. ఆటలో గని తరగదు. ఇక్కడ బ్లాస్టింగ్ జరిగిన ప్రతి రోజూ నేల ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఆ రాయి మళ్లీ ఏర్పడాలంటే మళ్లీ ఒక సముద్రం కావాలి.

ఇంకో పెద్ద విశేషం మేళ్లచెరువుకు ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున ఉంది. నిజానికి ఇప్పుడు నీళ్ల అడుగున ఉంది. కొల్లూరు! కోహినూర్ దొరికింది ఇక్కడే అని తరతరాలుగా చెప్పుకునే వజ్రాల గని. ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో ఇక్కడికి వచ్చాడు. తను చూసినప్పుడు ఆడామగా పిల్లాజెల్లా కలిసి 60,000 మంది ఇక్కడ పనిచేస్తున్నారని రాశాడు. తవ్వకం తీరు కూడా వివరంగా రాసిపెట్టాడు. మగవాళ్లు పది నుంచి పద్నాలుగు అడుగుల లోతు తవ్వుతారు, నీళ్లు పడగానే ఆపేస్తారు. ఆడవాళ్లు, పిల్లలు ఆ మట్టిని మోసి గోడ కట్టిన దొడ్డిలో పోస్తారు. నీళ్లు పెట్టి నానబెట్టి, బురద వదిలించి, మిగిలిన ఇసుకను ఎండబెట్టి, చేటలతో తూర్పారబడతారు. గడ్డలను చితక్కొట్టి, చివరికి కళ్లతో వెతుకుతారు. నో మ్యాన్స్ స్కైలో ఆటగాడు పట్టుకునే మైనింగ్ కిరణం అయిదారు సెకన్లలో చేసే పనికి అక్కడ ఇంతమంది నడుములు వంగాయి.

ఆ గని ఎలా బయటపడిందో టావెర్నియే చెప్పిన ముచ్చట నాకు మరీ ఇష్టం. తను రావడానికి సుమారు వందేళ్ల ముందు ఒక పేద రైతు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతుంటే, 25 క్యారెట్లకు దగ్గరగా తూగే మొనదేలిన రాయి ఒకటి తగిలిందట. ప్రపంచాన్ని ఊపిన గనికి మొదటి గుంట పంట కోసం తవ్విన గుంటే అన్నమాట.

టావెర్నియే ఇక్కడి నుంచి పట్టుకుపోయాడని చరిత్రకారులు భావించే నీలి వజ్రం ఫ్రాన్స్ రాజు 14వ లూయీ చేతికి చేరింది. అదే కోసి, సానబట్టి, దొంగతనాలు దాటి, పేరు మార్చుకుని హోప్ డైమండ్ అయింది. బరువు 45.52 క్యారెట్లు. 1958 నుంచి అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1720ల్లో బ్రెజిల్ గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలంటే దాదాపుగా మన దేశమే, అందులోనూ ముఖ్యంగా కృష్ణా, పెన్నా పరీవాహకమే.

కొల్లూరు మీద ఇప్పుడు పులిచింతల జలాశయం నిలిచి ఉంది. 2013 డిసెంబరులో జాతికి అంకితమైన ఈ ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు. ఎడమ ఒడ్డున, అప్పటి మేళ్లచెరువు మండలంలోని వజినేపల్లి దగ్గర, 120 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. వజ్రాల గనితో పాటు రెండు ఒడ్డుల మీది ఊళ్లు కూడా మునిగాయి. ఇళ్లు, గుళ్లు, మిర్చి పొలాలు వదిలి జనం కొత్త కాలనీలకు వెళ్లారు. నో మ్యాన్స్ స్కైలో లేనిది ఇదే. అక్కడ ఖనిజం ఉన్న నేల మీద తరతరాలుగా పంట పండించుకునే కుటుంబం ఉండదు. ఆ ఆటను ఇష్టపడుతూనే ఈ తేడాను మరవకూడదని నా పట్టుదల.

వజ్రాల జాడ కోసం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు వెళ్దాం. నారాయణపేట, మద్దూరు, కోటకొండ ప్రాంతంలో కింబర్లైట్ గొట్టాలున్నాయి. భూమి లోతుల నుంచి వజ్రాలను పైకి మోసుకొచ్చే అగ్నిశిల ఇదే. సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట పైకి తన్నుకొచ్చింది. జాతి అదే, పుట్టుక అదే, కానీ ఇక్కడి గొట్టాల్లో వజ్రాలు దొరకలేదు. అనంతపురం జిల్లా వజ్రకరూరులో అదే రకం శిలలో ఉన్నాయి. ఆటలో స్కానర్ గుర్తు చూపించిందంటే తవ్వితే సరుకు తప్పకుండా ఉంటుంది. నేల అంత సులువుగా మాట ఇవ్వదు.

తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి వైపు చేలల్లో జనం వంగి నడుస్తూ కనిపిస్తారు. వాన మట్టిని కడిగేస్తే వజ్రం తళుక్కుమంటుందని వెతుకులాట. ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి, వ్యాపారులు వచ్చి మకాం వేస్తారు. దీనికి సరిపోలే పని ఆటలోనూ ఉంది. భీకర వాతావరణం ఉన్న గ్రహాల మీద స్టార్మ్ క్రిస్టల్స్ ఉంటాయి. తుఫాను వీస్తున్నంతసేపే అవి వెలిగి, తీసుకోవడానికి వీలిస్తాయి. రక్షణ కవచం కరిగిపోతుంటే పరుగెత్తి ఏరుకోవాలి. మంచి ధర పలుకుతాయి.

యురేనియం కూడా ఆటలో ఉంది. రేడియోధార్మిక గ్రహాల మీద దొరుకుతుంది, ఓడ నేల మీద నుంచి లేవడానికి ఇంధనంగా పనికొస్తుంది. మన దగ్గర నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు ప్రాంతంలో నిజం యురేనియం ఉంది. దాన్ని గుర్తించిన అణు ఖనిజ అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. గని తవ్వుతామని యురేనియం కార్పొరేషన్ ముందుకొస్తే, 2003 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా వ్యతిరేకించారు. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే ఉంది, తాగునీరు ఏమవుతుందని అడిగారు. ఆ గని ఇప్పటికీ మొదలు కాలేదు. తర్వాత నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవిలో అన్వేషణ మాట వినిపించగానే చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా జనం కదిలారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆటలో అతిగా తవ్వితే సెంటినెల్స్ అనే కాపలా యంత్రాలు ఎగిరొచ్చి దాడి చేస్తాయి. తుపాకీతో వాటిని కూల్చి తవ్వకం సాగించవచ్చు. లంబాపూర్ రైతుల చేతిలో ఉన్నది ప్రశ్న ఒక్కటే, అది ఇరవై ఏళ్లకు పైగా నిలబడింది.

అన్ని సంపదలూ తవ్వితేనే రావు. నో మ్యాన్స్ స్కైలో సేద్యం కూడా ఉంది, అదీ శ్రద్ధగా చేయాల్సిన సేద్యం. మంచు గ్రహాల మీద ఫ్రాస్ట్‌వర్ట్, మండే గ్రహాల మీద సోలార్ వైన్, బీడు గ్రహాల మీద ఎకినోకాక్టస్, పచ్చని గ్రహాల మీద స్టార్ బ్రాంబుల్. ఒక్కో మొక్కకు ఒక్కో నేల, ఒక్కో వాతావరణం. గాజు గోపురం కట్టుకుంటే అన్నింటినీ ఒకేచోట పెంచొచ్చు. ఈ నాలుగు పంటలూ చేతికొస్తేనే ఒక సర్క్యూట్ బోర్డు తయారవుతుంది. ఇంకా ముందుకు వెళ్లి స్టేసిస్ డివైస్, ఫ్యూజన్ ఇగ్నైటర్ లాంటి ఖరీదైన సరుకులు చేయాలన్నా పంట లేనిదే కుదరదు. ఆట ఆపేసి పనులకు పోయినా మొక్క పెరుగుతూనే ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వరి, చెలకల్లో పత్తి, మిర్చి వేసుకునే మేళ్లచెరువు రైతుకు ఏ నేలకు ఏ పంటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ రైతు కొడుకు ఈ ఆట ఆడితే మొదటి గంటలోనే బాగుపడతాడని నా నమ్మకం.

ఆటలోని విషపు గ్రహాల ఊసెత్తితే నల్లగొండ గుర్తుకు రాకుండా ఉండదు. గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరిన్ బావి నీళ్లలోకి దిగి మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు ఎన్నో కుటుంబాల ఎముకలు వంచింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తుంది. ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లిందది. వేరే గ్రహం మీద నీళ్లు దొరికిన రోజున కూడా ముందు చేయాల్సింది ఇలాంటి శుద్ధే.

ఆటలో ఓడ మీది తుపాకీతో గ్రహశకలాన్ని కాలిస్తే ట్రిటియం రాలుతుంది, అదృష్టం ఉంటే బంగారం, వెండి, ప్లాటినం కూడా. నిజంగా జరిగినవి చూడండి. జపాన్ హయబుసా-2 నౌక 2014 డిసెంబరులో బయల్దేరి, రియూగు అనే శకలం నుంచి 2020 డిసెంబరులో తెచ్చిన మట్టి 5.4 గ్రాములు. నాసా వారి ఒసైరిస్-రెక్స్ 2016లో వెళ్లి, 2023 సెప్టెంబరు 24న బెన్నూ నుంచి దింపిన మట్టి 121.6 గ్రాములు. ఏడేళ్ల ప్రయాణానికి ఇంట్లో ఒక గిన్నెలో సగం కూడా నిండనంత. కానీ ఆ గుప్పెడు మట్టిలో అమైనో ఆమ్లాలు, ఎప్పుడో ఎండిపోయిన ఉప్పునీటి లవణాలు దొరికాయి. బంగారం కంటే విలువైన సరుకు ఇదే అని నేనంటాను. లోహపు శకలం సైకీ వైపు మరో నౌక 2023 అక్టోబరులో బయల్దేరింది, 2029లో చేరాలి.

సిమెంటు ఊరివాళ్లకు చంద్రుడి మీద నుంచి ఒక కబురు. చంద్రయాన్-3 దిగింది 2023 ఆగస్టు 23న. దాని రోవర్ ప్రజ్ఞాన్ లేజరుతో నేలను కాల్చి, దక్షిణ ధ్రువం దగ్గర గంధకం ఉందని తేల్చింది. గంధకాన్ని కరిగించి మట్టి, రాళ్లతో కలిపితే ఒక రకం కాంక్రీటు తయారవుతుంది. దానికి నీళ్లు అక్కర్లేదు, సున్నపురాయీ అక్కర్లేదు. చంద్రుడి మీద ఇల్లు కట్టే ఇంజనీర్లు దీన్ని గట్టిగానే ఆలోచిస్తున్నారు.

నో మ్యాన్స్ స్కైలో ఎవరు ముందు చూస్తే ఆ గ్రహానికి వాళ్లే పేరు పెట్టొచ్చు. మన పేర్లు నిజం ఆకాశంలోనూ ఉన్నాయి. అంగారకుడి మీద ఒక బిలానికి రాయదుర్గం పేరు పెట్టారు. చిన్న ఊళ్ల పేర్లను అక్కడి చిన్న బిలాలకు పెట్టడం ఆనవాయితీ. హైదరాబాద్‌లో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరుతో 2596 నంబరు గ్రహశకలం ఉంది. ఆయన తండ్రి పనిచేసిన నిజామియా వేధశాల ఇంకో పెద్ద పని చేసింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి పటం గీయాలని 19వ శతాబ్దం చివర్లో మొదలైన అంతర్జాతీయ యజ్ఞంలో తన వంతు తీసుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి పుస్తకాలుగా అచ్చువేసింది. ఆ కొలతల్లో కంప్యూటర్ సాయం లేదు, గాజు పలకల మీద చుక్కలు చూస్తూ మనుషులే లెక్కించారు. అదే వేధశాల తర్వాతి కాలంలో జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా ఆ టెలిస్కోపు ఉన్న చోటి మీదుగానే పోయింది.

పేర్లే కాదు, మనుషులూ పైకి వెళ్లారు. మహబూబ్‌నగర్‌లో కుటుంబ మూలాలున్న వ్యోమగామి రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే దాకా అంతరిక్షంలో 177 రోజులున్నారు. ఆయన వెళ్లిన క్రూ-3 బృందానికి నాయకుడు ఆయనే.

ఆటగాళ్లు నిజం గ్రహాల వేటలో పాలుపంచుకున్న ముచ్చట చెప్పి తీరాలి. ఐస్‌లాండ్ సంస్థ నడిపే ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటలో గ్రహశకలాల తవ్వకమే ఎందరికో జీవనాధారం. 2017లో ఆ ఆటలోనే ఒక చిన్న పని పెట్టారు. నిజం టెలిస్కోపు కొలిచిన నక్షత్రకాంతి గీతలను చూపించి, గ్రహం అడ్డొచ్చినప్పుడు కాంతి తగ్గిన చోటు గుర్తించమన్నారు. ఇతర నక్షత్రాల గ్రహాల వేటలో నోబెల్ పొందిన మిషెల్ మేయర్ ఈ పనికి తోడు నిలిచారు. ఆటగాళ్లు తవ్వకం మధ్యలో విరామం దొరికినప్పుడల్లా లక్షల గీతలు చూసిపెట్టారు. ఇప్పటికి ధ్రువపడిన బయటి గ్రహాల సంఖ్య 6,000 దాటింది.

నో మ్యాన్స్ స్కై మామూలు ఫోనులో రాదు. కంప్యూటర్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్, మ్యాక్‌లలో ఆడొచ్చు. ఆడే పిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ నా మనవి ఒకటుంది. నేల కింద ఏముందో వెతకాలనే ఆ తపన నిజంగా చదువయ్యే దారి మన దగ్గరే ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జియాలజీ విభాగం ఉంది. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం, శిక్షణ సంస్థ ఉన్నాయి. జియాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లకు యూపీఎస్‌సీ ఏటా కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష నిర్వహిస్తుంది. మేళ్లచెరువు, లంబాపూర్, నారాయణపేటల నుంచి ఆ పరీక్షకు ఎక్కువమంది కూర్చోవాలి. ఈ నేలను తవ్వాలా వద్దా, తవ్వితే ఎంత లోతు అని తేల్చే బల్ల దగ్గర ఈ నేల మీద పుట్టినవాళ్లు ఉండాలి.